బండికీ ఓ ముక్కుంది

ఇలా రండర్రా, అరుగు మీద ఇటు పక్క నీడగా ఉంది. పండక్కి అందరూ ఒకచోట చేరారు కదా, మీకో వింత చూపిస్తాను. ఈ పాత పేపరు మీద పెట్టినవి చూశారా? ఒకటి మీ పెద్దన్నయ్య బండిలోంచి తీశాను. రెండోది మీ బాబాయి బండిలోది. రెండూ ఎయిర్ ఫిల్టర్లే. ఒకే కంపెనీ బండ్లు, ఒకే రకం కాగితం ఫిల్టర్లు. పోయినసారి ఇద్దరూ ఒకే వారంలో కొత్తవి వేయించుకున్నారు. అప్పట్నుంచి ఆ బండీ ఏడు వేల కిలోమీటర్లే తిరిగింది, ఈ బండీ ఏడు వేలే తిరిగింది.

మరి వీటి మొహాలు చూడండి. బాబాయి బండిలోది కాస్త గోధుమరంగు తిరిగిందంతే. కాగితం మడతలు చీర కుచ్చిళ్ళలా విడివిడిగా కనిపిస్తున్నాయి. పెద్దన్నయ్యది చూడండి, మడతలే కనపడటం లేదు. సున్నం కొట్టిన గోడలా మూసుకుపోయింది. గోటితో గీకితే పెచ్చు ఊడి వస్తోంది.

"తాతయ్యా, రెండూ ఏడు వేలే కదా, మరి ఇదెందుకిలా అయింది?" అంటోంది మా చిన్న మనవరాలు. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదేనమ్మా. ఎయిర్ ఫిల్టరు ఎన్నాళ్ళకు తుడవాలి, ఎన్నాళ్ళకు మార్చాలి అని అందరూ అడుగుతారు. దానికి జవాబు ఈ రెండు ముక్కల మధ్యలోనే ఉంది. తొందర లేదు, మెల్లిగా వెళ్దాం.

ముందు బండి ఏం తింటుందో చెప్పండి. పెట్రోలు అంటారు మీరు. పెట్రోలు తినేది కొంచెమే, అసలు తిండి గాలి. మన పొయ్యి సంగతే చూడండి. ఎన్ని కట్టెలు పెట్టినా గాలి ఆడకపోతే మంట రాదు. మీ నాయనమ్మ ఊదుగొట్టం తీసుకుని ఉఫ్ మంటేనే భగ్గున లేస్తుంది. ఇంజనులోనూ అంతే. ఒక కిలో పెట్రోలు చక్కగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోకి కాస్త తక్కువ. అంటే లీటరు పెట్రోలుకి పదకొండు కిలోల గాలి. గాలికి బరువేమిటని నవ్వకండి, ఒక ఘనపు మీటరు గాలి కిలోంబావుకి కొంచెం తక్కువ తూగుతుంది. ఆ లెక్కన పదకొండు కిలోలంటే తొమ్మిది వేల లీటర్లు. మన దొడ్లో ఉన్న రెండొందల లీటర్ల డ్రమ్ము లాంటివి నలభై అయిదు!

ఇంకో లెక్క కూడా చెబుతాను, ఇది నాకు భలే ఇష్టం. మనం కుదురుగా కూర్చున్నప్పుడు ఒక్కో ఊపిరికి అర లీటరు గాలి పీలుస్తాం. నిమిషానికి పన్నెండు, పదిహేనుసార్లు. ఆ లెక్కన రోజు మొత్తానికి సుమారు పదివేల లీటర్లు. అన్నయ్య బండి లీటరుకి అరవై ఇస్తుందనుకోండి. గంటకి అరవై వేగంతో ఓ గంట నడిపితే తొమ్మిది వేల లీటర్లు పీల్చేసింది. మనిషి రోజంతా పీల్చినంత గాలి బండి గంటలో పీల్చేస్తుందన్నమాట. మనకి ముక్కు ఎంత అవసరమో, బండికి అంతకంటే ఎక్కువ అవసరం. అదిగో, బండి పక్క డబ్బాలో దాక్కునే ఈ ఫిల్టరే బండి ముక్కు!

ముక్కు లేకుండా ఆ గాలి నేరుగా లోపలికి పోతే ఏమవుతుంది? వంటింట్లో ఇత్తడి బిందె ఉంది చూశారా, మా అమ్మ కాపురానికి తెచ్చుకున్నది. మా చిన్నప్పుడు దాన్ని ఇటుక పొడి, చింతపండు, కొబ్బరి పీచు వేసి తోమేవాళ్ళు. తళతళ మెరిసేది. కానీ ఇప్పుడు వేలితో కొట్టి చూడండి, ఎంత పల్చబడిపోయిందో. ఏళ్ళ తరబడి ఇటుక పొడి దాన్ని గీకి గీకి తినేసింది. మన మట్టి దుమ్ములో ఉండే ఇసుక రేణువు ఇటుక పొడికి అన్న లాంటిది. మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1812లో రాళ్ళ గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా మెట్లు కట్టాడు. పదో మెట్టు మీద వజ్రం. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఏడో మెట్టు. కూరలు కోసే కత్తి ఉక్కు అయిదున్నర దగ్గర ఉంటుంది. అంటే ఇసుక రేణువు ఉక్కుని గీకగలదు.

ఇంజను నిమిషానికి అయిదు వేల చుట్లు తిరుగుతుంటే పిస్టన్ అయిదు వేలసార్లు పైకి, అయిదు వేలసార్లు కిందికి పోతుంది. పిస్టన్ ఆడే గొట్టాన్నే బోరు అంటారు. పిస్టన్ రింగుకీ ఆ బోరు గోడకీ మధ్య ఉండేది ఆయిలు పొర ఒక్కటే. అది వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ సందులో ఇసుక రేణువు పడిందనుకోండి, ఆయిలుతో కలిసి సాన పట్టే ముద్దలా తయారవుతుంది. బిందె పల్చబడటానికి నలభై ఏళ్ళు పట్టింది. బోరు అరగడానికి రెండు పంటలు చాలు.

రెండు పంటలు అని ఊరికే అనలేదు. నేను వయసులో ఉండగా నాకో స్నేహితుడు ఉండేవాడు. ఎవరో చెప్పారని బండి ఎయిర్ ఫిల్టరు పీకేసి అవతల పారేశాడు. "పికప్ చూడరా, గుర్రంలా పోతోంది" అని నన్ను వెనక ఎక్కించుకుని తిప్పాడు. నిజంగానే కొంచెం చురుగ్గా పోయింది కూడా. ఆ బండి మీదే కల్లాలకి తిరిగాడు, ధాన్యం లారీల వెనక తిరిగాడు. రెండో ఏడు సంక్రాంతి నాటికి సైలెన్సర్ లోంచి నీలం పొగ మొదలైంది. రెండు వారాలకో అర లీటరు ఆయిలు పోయాల్సి వచ్చేది. చివరికి బోరు విప్పించాడు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. అద్దంలా ఉండాల్సిన బోరు గోడ మీద పైనుంచి కిందికి నిలువు గీతలు. వేలు పెట్టి రాస్తే గోటికి తగులుతున్నాయి. పిస్టన్, రింగులు, బోరింగు అన్నీ కలిపి వాడి ఆ ఏటి మిర్చి డబ్బులు సగం దానికే పోయాయి. వాడి మొహం నాకింకా గుర్తే. అప్పుడనిపించింది, తెలియక చేసిన చిన్న పనికి ఇంత పెద్ద శిక్షా అని. అందుకే ఈ కబురు మీకు చెప్పకుండా ఉండలేను.

సరే, ఫిల్టరు దుమ్ముని ఎలా పట్టుకుంటుంది? జల్లెడలా అంటున్నారు మీరు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. జల్లెడైతే కన్నం కంటే పెద్ద రేణువు ఆగాలి, చిన్నది జారిపోవాలి. కానీ ఫిల్టరులో చిత్రం ఏమిటంటే, కన్నాల కంటే చిన్న రేణువులు కూడా బోలెడు ఆగిపోతాయి. ఎలాగో తెలియాలంటే మనం కల్లం దగ్గరికి వెళ్ళాలి.

తూర్పారబట్టడం చూశారుగా? గాలివాటం చూసుకుని చేటలో ధాన్యం ఎత్తి పోస్తారు. పొల్లు, ఊక తేలిక కాబట్టి గాలి ఎటు లాగితే అటు పోతాయి. గింజ బరువు. గాలి మాట వినదు, తన దారిన తాను నిటారుగా పడుతుంది. ఇంకోటి, మీరు బస్సులో నిలబడి ఉంటే మలుపులో ఏమవుతుంది? బస్సు తిరుగుతుంది, మీరు మాత్రం ముందు పోతున్న దారినే పోబోయి పక్కవాళ్ళ మీద పడతారు. కదిలే వస్తువు తన దారి మార్చుకోవడానికి ఇష్టపడదు. బరువెక్కువైన కొద్దీ మొండితనం ఎక్కువ.

ఫిల్టరులోపల గాలికి సూటి దారి లేదు. కాగితంలోని పోచల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ పోవాలి. గాలి తేలిక కాబట్టి పోచ అడ్డం రాగానే పక్కకి తిరిగి తప్పుకుంటుంది. దుమ్ము రేణువు బరువు, తిరగలేదు. తిన్నగా పోయి పోచకి కొట్టుకుని అక్కడే అతుక్కుంటుంది. కల్లంలో గింజని, పొట్టుని విడదీసిన సూత్రమే ఇక్కడ దుమ్ముని, గాలిని విడదీస్తోంది. వేల ఏళ్ళుగా మన రైతులు చేటతో చేస్తున్న పని అరచేతిలో పట్టే కాగితం చేస్తోందంటే ముచ్చటగా లేదూ?

మన ముక్కు కూడా అంతే. అది నేరుగా ఉన్న గొట్టం అనుకునేరు. లోపల వంకర వంకర అరలు ఉంటాయి, గోడలంతా తడి జిగురు. గాలి ఒంపులు తిరిగి పోతుంది, దుమ్ము ఆ తడిలో ఇరుక్కుంటుంది. కల్లం దగ్గర నుంచి వచ్చి ముక్కు చీదితే నల్లగా వస్తుంది కదా, అదంతా ఊపిరితిత్తుల దాకా పోకుండా ఆగిన దుమ్మే. మీకు రోజూ చిరాగ్గా అనిపించే చీమిడి మీకు కాపలా కాస్తోందర్రా!

ఈ జిగురు సంగతి ఇంజనీర్లకీ తెలుసు. వంటింటి కిటికీ జాలీ చూడండి, పోపు ఆవిరి పట్టి జిడ్డుగా అయితే దుమ్మంతా దానికే పడుతుంది. పడకగది కిటికీ జాలీకి అంత పట్టదు. అందుకే పాత బండ్లలో స్పాంజి ఫిల్టరుకి ఆయిలు రాసి పెట్టేవాళ్ళు, ఇప్పటికీ కొన్ని బండ్లకి అదే. మన ట్రాక్టరు పక్కన గిన్నె ఉంటుంది చూశారా, అందులో ఆయిలు పోసి ఉంటుంది. గాలి పైనుంచి దిగి, ఆ ఆయిలు దగ్గరికి వచ్చి, చటుక్కున పైకి తిరుగుతుంది. దుమ్ము తిరగలేక ఆయిల్లో మునుగుతుంది. మళ్ళీ తూర్పారే! అసలు ఈ వడపోతల కథలో పొలానికి పెద్ద పాత్రే ఉంది. అమెరికాలో ట్రాక్టర్లు అమ్మే ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ఆయన, దుక్కి దుమ్ముకి ఇంజన్లు తొందరగా అరిగిపోవడం చూసి ఫిల్టరు తయారు చేశాడు. 1915లో మినసోటా రాష్ట్రంలో దానికోసం కంపెనీయే పెట్టాడు. రైతు బాధ చూసినవాడికే ఆ ఆలోచన తట్టింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. దుమ్ము పట్టిన కొద్దీ ఏమవుతుంది? మీ నాయనమ్మ కాఫీ ఫిల్టరు గుర్తు తెచ్చుకోండి. వేడినీళ్ళు పోయగానే పడే మొదటి చుక్కల్లో కాస్త నలక వస్తుంది. పొడి కుదురుకున్నాక తేటగా దిగుతుంది. మరీ అదిమేస్తే ఇక చుక్క కూడా దిగదు, ఫిల్టరుని గరిటెతో టకటకా కొట్టాల్సిందే. ఎయిర్ ఫిల్టరుదీ అదే కథ. సరికొత్త దానికంటే కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే సన్న దుమ్ముని బాగా ఆపుతుంది. ఆగిన దుమ్మే మరో వడపోతలా పనిచేస్తుంది. కాబట్టి ప్రతి ఆదివారం విప్పి దులపడం మంచిది కాదు. విప్పిన ప్రతిసారీ డబ్బాలోని దుమ్ము లోపలి గొట్టంలోకి రాలే ప్రమాదం కూడా ఉంది. అలాగని వదిలేస్తే అన్నయ్య ఫిల్టరులా ఊపిరాడని స్థితికి వస్తుంది.

ఊపిరాడకపోతే బండి మనకి చెబుతుంది. పాత కార్బొరేటరు బండ్లయితే గాలి తగ్గిన కొద్దీ పెట్రోలు ఎక్కువ లాగుతాయి. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు మసి పడుతుంది, గాలి ఆడని పొయ్యిలా నల్ల పొగ వస్తుంది. నీలం పొగైతే ఆయిలు కాలుతోందని, నల్ల పొగైతే పెట్రోలు అరగడం లేదని గుర్తుపెట్టుకోండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బిఎస్ 6 బండ్లలో చాలావరకు పెట్రోలుని కొలిచి చిమ్మే ఏర్పాటు ఉంది. గాలి తగ్గితే అవే పెట్రోలు తగ్గించుకుంటాయి. అందుకని పొగ కనపడదు, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసం మాత్రం తెలుస్తుంది. పొగ రాలేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

ఎప్పుడు, ఏం చేయాలో ఇక వినండి. ముందు మీ బండిది ఏ రకమో తెలుసుకోవాలి. స్పాంజి అయితే దాదాపు ప్రతి సర్వీసుకీ, అంటే మూడు వేల కిలోమీటర్లకో మాటు, సబ్బు నీళ్ళతోనో కిరోసిన్‌తోనో కడగాలి. పెట్రోలుతో కడగకూడదు, నిప్పు భయం, పైగా స్పాంజి పాడవుతుంది. బట్టలు మెలితిప్పినట్టు తిప్పితే చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కి పిండాలి. నీడన పూర్తిగా ఆరాక కంపెనీ చెప్పిన ఆయిల్లో తడిపి, మిగులు పిండేసి పెట్టాలి. గారెల పిండిలో నీళ్ళలా ఆయిలు కాస్త ఎక్కువైనా చిక్కే.

పొడి కాగితానిదైతే నీళ్ళు తగలకూడదు. నెమ్మదిగా తట్టి, తక్కువ గాలితో లోపలి వైపు నుంచి బయటికి ఊదాలి. బయటి నుంచి ఊదితే దుమ్ముని ఇంకా లోపలికి గుచ్చినట్టే. ప్రతి సర్వీసుకీ చూసుకుంటూ, పది పన్నెండు వేలకి మార్చేయడం చాలా బండ్లకి సరిపోతుంది. మూడో రకం, చేత్తో ముట్టుకుంటే జిడ్డుగా ఉండే నూనె కాగితం. దాన్ని కడగకూడదు, ఊదకూడదు. ఊదితే జిగురు పోతుంది, జిగురు పోతే పట్టు పోతుంది. పదిహేను పదహారు వేల దాకా వాడి, తీసేసి కొత్తది వేయడమే. మీ బండి పుస్తకంలో అంకె ఏదుంటే అదే మీకు పెద్ద. ఆ అంకె పక్కనే, దుమ్ము దారుల్లో తిరిగితే ఇంకా తరచుగా చూసుకోమని కూడా రాసి ఉంటుంది. మనవాళ్ళు అంకె చదువుతారు, ఆ పక్క మాట వదిలేస్తారు.

ఆ పక్క మాటే ఈ రెండు ఫిల్టర్లకీ తేడా. బాబాయి తెనాలిలో ఉంటాడు. కాలవ గట్ల వెంట, పచ్చటి చేల మధ్య తారు రోడ్డు మీద తిరుగుతాడు. పెద్దన్నయ్యకి పిడుగురాళ్ళలో పని. సున్నపు బట్టీల మధ్య, సున్నపురాయి లారీల వెనక రోజూ ముప్పై కిలోమీటర్లు. ఆ దుమ్ముకి వానాకాలం చెమ్మ తగిలి మడతల్లోనే గట్టిపడిపోయింది. మీటరు తిరిగిన కిలోమీటర్లని లెక్కపెడుతుంది, తిన్న దుమ్ముని లెక్కపెట్టలేదు. ఆ లెక్క మనమే కళ్ళతో చూసి తెలుసుకోవాలి. దుమ్ములో తిరిగే బండికి పుస్తకంలో అంకెని సగానికి తగ్గించుకుంటే మంచిదని నా అనుభవం.

సరే, ఇప్పుడు చేతులకి పని. ఫోను లైటు వేసి ఫిల్టరు వెనక పెట్టండి. బాబాయిదానిలోంచి వెలుగు వస్తోంది, అన్నయ్యదానిలోంచి రావడం లేదు. బాబాయిది నాలుగు తట్లు తట్టి మళ్ళీ పెట్టేద్దాం. అన్నయ్యది చెత్తబుట్టలోకి. కొత్తదానికి అయ్యేది వందల్లో, బోరు పని అయితే వేలల్లో. పెట్టేముందు అంచు చుట్టూ ఉన్న రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. తలుపు వేసి కిటికీ తెరిచిపెడితే దోమ రాదా? అంచు దగ్గర సందుంటే దుమ్మూ అంతే. బండి నెలల తరబడి మూలన ఉంటే ఎలుకలు కూడా ఈ డబ్బాలో కాపురం పెడతాయి, కాగితం కొరికేస్తాయి. అదీ చూసుకోవాలి.

చిన్నదీ, నువ్విలా రామ్మా. నీ వేలు సన్నగా ఉంది. ఫిల్టరుకి అవతల, ఇంజను వైపు పోయే ఈ గొట్టంలో వేలు పెట్టి గుండ్రంగా తిప్పు. ఏదీ, వేలు చూపించు. దుమ్ము అంటిందా?

"లేదు తాతయ్యా, శుభ్రంగా ఉంది."

పాపం, ఆ ఫిల్టరు తను ఊపిరాడక మూసుకుపోయి కూడా ఒక్క రేణువుని లోపలికి పోనివ్వలేదు చూశావా. పో, గోడ మీద క్యాలెండరులో మిర్చి కల్లాలు అయిపోయే వారం దగ్గర, అన్నయ్య బండి ఫిల్టరు చూడాలి అని నీ చేత్తోనే రాయి. నేను మర్చిపోయినా అది గుర్తు చేస్తుంది.